లేనిదానికి వేసిన బ్రేకు

పొద్దున్నే బండి ఎక్కే ముందు ఆయన రెండు గుడ్డలతో దాన్ని తుడుస్తాడు. ఎడమచేతిలో తడిగుడ్డ, కుడిచేతిలో పొడిగుడ్డ. తడిది వెళ్లిన దారినే పొడిది వెళ్తుంది. డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టి, వెనకనుంచి చుట్టి వచ్చి, ముందుభాగం దగ్గర ఆపుతాడు. తలుపు పిడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాడు, చేతుల జిడ్డంతా అక్కడే చేరుతుంది కాబట్టి. అంతా అయ్యాక, పిల్లలకి ఒళ్లు కాలుతోందేమోనని చూసినట్టు, రేకు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం ఉంచుతాడు. వాన పడుతున్నా ఈ పని మానడు.

"వానే కడుగుతోంది కదన్నా, మధ్యలో నువ్వెందుకు?" అని తోటి డ్రైవర్లు నవ్వుతారు.

"వాన కడుగుతుంది. తుడవదుగా" అంటాడాయన, నవ్వకుండా.

అందుకే షెడ్డులో అందరూ ఆయన్ని 'అద్దం' అంటారు. చిన్నవాళ్లకి అద్దం బాబాయ్, సమవయస్కులకి వట్టి అద్దం. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప మరెక్కడా వినిపించదు.

ఆసుపత్రికి రోగుల్ని తీసుకెళ్లి తీసుకొచ్చే వ్యాన్ల కంపెనీ అది. ప్రతి డ్రైవరుకీ ఆఫీసులో ఒక ఫైలు ఉంటుంది. ఫైలు వెనక అట్టకి ముందు ఒక పేజీ, దాని నెత్తిన 'ప్రమాదాలు' అని అచ్చువేసి ఉంటుంది. పదిహేడేళ్ల సర్వీసులో అద్దం పేజీ మీద ఒక్క గీత పడలేదు. కొత్తగా చేరినవాళ్లకి సూపర్‌వైజరు ఆ పేజీని ఎత్తి చూపించేవాడు. "చూడండి, తెల్ల కాగితం. ఇలా ఉండాలి" అనేవాడు. ఆ సమయంలో అద్దం అక్కడుంటే, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయేవాడు. కానీ ఆ పూటంతా ఆయన నడక వేరుగా ఉండేది. ఇల్లు అద్దెది, చదువు పదితో ఆగింది, ఉద్యోగంలో పై మెట్టు లేదు. నలుగురిలో తనదని చెప్పుకోవడానికి ఆ తెల్ల కాగితం ఉంది.

ఆ కాగితం చూసే ఆయనకి కొత్త వ్యాను ఇచ్చారు. ముందు బంపరు వెనక అరచెయ్యంత నల్లడబ్బా ఒకటి ఉంటుంది దానికి. రాడార్. ఎదురుగా వాహనమో మనిషో అడ్డొస్తే, డ్రైవరు కాలు కదిలేలోపే అది చూసి బ్రేకు వేస్తుంది. ఒక పూట క్లాసు పెట్టి చెప్పారు. బంపరు మీద స్టిక్కర్లు అంటించొద్దన్నారు, బురద పేరుకోనివ్వొద్దన్నారు. అద్దానికి ఆ మాట చెప్పక్కర్లేదు.

ఆ బండిలో రోజు విడిచి రోజు ఎక్కే ఇద్దరు ముఖ్యులు ఉన్నారు. ఒకావిడ రిటైరైన లెక్కల టీచరు. రెండోవాడు దర్జీ తాత, నలభై ఏళ్లు మిషను తొక్కినవాడు. ఇద్దరికీ మూత్రపిండాలు పనిచెయ్యవు. పొద్దున ఎనిమిదికి ఆసుపత్రిలో దిగి, నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకుని, పిండిన బట్టల్లా తిరిగి బండెక్కుతారు. అప్పుడు వాళ్లకి చిన్న కుదుపు కూడా పెద్దదే. అద్దం నడిపితే గ్లాసులో నీళ్లు తొణకవని టీచరమ్మ అందరికీ చెప్పేది. ఆవిడ మెచ్చుకోలు అంత తేలిగ్గా రాదు. సున్నా మార్కులు వెయ్యడానికి పేరుపడ్డ మనిషి.

తప్పు ఆయనది కాకుండానే మొదలైంది. ఒకరోజు ఆసుపత్రి ఏటవాలు దారి కింద బండి ఆపి, తాతని చక్రాల కుర్చీలో పైకి తోసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎవరో వదిలేసిన ఆక్సిజన్ సిలిండర్ల తోపుడుబండి దానంతటదే జారి వచ్చి, బంపరుని ముద్దుపెట్టుకుని నిలబడి ఉంది. బంపరు కింది భాగంలో, నంబరు పలకకి పక్కగా, గుప్పెడంత సొట్ట. మధ్యలో వెంట్రుకంత పగులు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఆఫీసుకి ఫోను చేసి చెబితే పోయేది. కానీ ఆ కాగితం సంగతి ఆయనకి తెలుసు. అందులో తేదీ, బండి నంబరు, డ్రైవరు పేరు రాస్తారు. బండి ఆగి ఉందా, నడుస్తోందా అనే గడి లేదు. ఏడాది తర్వాత దాన్ని చూసినవాడికి తోపుడుబండి కనిపించదు, ఆయన పేరే కనిపిస్తుంది.

ఆ ఆదివారం 'బండి లోపల కడిగించాలి' అని చెప్పి తాళాలు తీసుకుని, నేరుగా బావమరిది షాపుకి వెళ్లాడు.

బావమరిదిది సొట్టలు తీసి రంగులు వేసే షాపు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. లోపల ఎప్పుడూ థిన్నరు వాసన. బండి చూసి అతను మోకాళ్ల మీద కూర్చుని, సొట్ట మీద వేలితో తట్టాడు.

"దీనికే మొహం అలా పెట్టావా బావా? ఎవరైనా పోయారనుకున్నా."

"కనబడకూడదురా. అస్సలు కనబడకూడదు."

"కనబడితే ఈ చేతులు నరుక్కుంటా. రేపు నువ్వే వెతుక్కుంటావు ఎక్కడుందో అని. సొట్టున్న చోటు దొరక్కపోతేనే పని చేసినట్టు లెక్క, మా గురువు అదే చెప్పేవాడు."

అన్నంత పనీ చేశాడు. వేడిగాలి కొట్టి కొంత లోపలినుంచి నెట్టాడు. మిగిలిన గుంటలో పుట్టీ నింపాడు, ఆరనిచ్చి గీకాడు, మళ్లీ నింపాడు. పైన వెండిరంగు మూడు పూతలు. సాయంత్రానికి బంపరు పెళ్లికొడుకు బుగ్గలా ఉంది. అద్దం దాని మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఎక్కడా తగల్లేదు. ఇద్దరూ టీ తాగారు. తాము రాడార్ కంటి మీద పలక కప్పామని ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. బండి ముందుండే కంపెనీ గుర్తు వెనకే ఆ కన్ను ఉంటుందని అద్దం అనుకునేవాడు. గుర్తు పైన ఉంది, సొట్ట కిందెక్కడో ఉంది.

రెండో రోజు, ఖాళీ రోడ్డు మీద, ఎండలో, బండి తనంతట తనే బ్రేకు వేసింది.

ముందు కీచుమని మోత. తర్వాత ఎదుటి పలక మీద ఎర్రదీపం. ఆ వెంటనే ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగినట్టు బండి ఆగిపోయింది. టీచరమ్మ కళ్లజోడు ఎగిరి ముందు సీటు కింద పడింది.

"ఏమయ్యా, ఎవరొచ్చారు అడ్డం?"

"ఎవరూ రాలేదమ్మా."

"మరి ఎవరికోసం ఆపావు?"

"నేనాపలేదు. అదే ఆపింది."

"అది అంటే?"

"రాడారండీ. ముందేదైనా ఉంటే ముందుగానే చూస్తుంది."

టీచరమ్మ కిటికీలోంచి బారెడు రోడ్డునీ చూసింది. "దీని ముందుచూపు మండిపోనూ. లేనిదాన్ని కూడా చూస్తోందే" అంది. తాత నవ్వాడు. అద్దం కూడా నవ్వాడు, ఆ మొదటిసారి.

తర్వాత నవ్వులు రాలేదు. వారంలో రెండుసార్లు, మూడుసార్లు. వంతెన కింద ఒకసారి, మలుపు దాటాక ఒకసారి, ఇంకోసారి నిటారుగా పోయే రోడ్డు మీద. తాడుని చూసి పామనుకుని ఉలిక్కిపడ్డట్టు బండి ఉలిక్కిపడేది. అయినా తాడైనా ఉండాలిగా. బ్రేకు పడ్డ ప్రతిసారీ ఆ సంగతి ఆఫీసు కంప్యూటరుకి వెళ్లేది. ఆపై ఫోను వచ్చేది. ఆయన బండి పక్కకి తీసి, ఏ టైముకి, ఏ చోట, ఎంత వేగం, వెనక ఎవరున్నారు అన్నీ చెప్పేవాడు. చెప్పిందే చెప్పి, రాసిందే రాసి, చివరికి ఆయన గొంతు ఆయనకే ఎవరో పాఠం అప్పజెబుతున్నట్టు వినిపించేది.

"ఆ బొత్తం ఏదో ఉందిగా, ఆపి పడెయ్యరాదూ?" అని టీచరమ్మ సలహా ఇచ్చింది.

"ఆపొచ్చమ్మా. ఆపితే ఆపినట్టు కూడా ఆఫీసుకి పోతుంది. రోగులున్న బండిలో అది ఆగకూడదని ఆసుపత్రివాళ్ల షరతు."

"అంటే వేస్తే నీ తప్పు, తీస్తే నీ తప్పు."

"అంతేనండీ."

వర్క్‌షాపు ఊరికి ఆ చివర. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాడు కదిలినప్పుడల్లా పక్కవాడు కూడా కదలాలి. మెకానిక్ మంచివాడు, పనిమంతుడు, కానీ నోరు తెరిస్తే కంప్యూటరు చెప్పిందే చెబుతాడు. లాప్‌టాప్ తగిలించి చూసి, "ప్రతిసారీ ఎదురుగా వాహనం ఉన్నట్టే రాసుంది అన్నా. నలభై అడుగుల్లో, ముప్పై అడుగుల్లో" అన్నాడు.

"ఏమీ లేదయ్యా."

"ఉందని రాసుంది మరి."

నల్లడబ్బా మార్చారు. బంపరు విప్పి, బండికి ఎదురుగా కొలిచిన దూరంలో మెరిసే పలక నిలబెట్టి, కొత్త డబ్బా చూపు సరిచేశారు. అన్నీ పచ్చదీపాలే. బంపరు బిగించి ఇచ్చారు. మూడో రోజు మళ్లీ అదే కథ. ఇంకో డబ్బా తెప్పించారు. దానికి రెండు వారాలు. మళ్లీ బెంచీ, మళ్లీ పలక, మళ్లీ పచ్చదీపాలు. నాలుగో రోజు మళ్లీ ఎర్రదీపం.

ఇంట్లో ఆయన మాట తగ్గింది. భార్య కొరియర్ ఆఫీసులో రోజంతా ఫోన్లు తీసే ఉద్యోగం చేస్తుంది. సాయంత్రానికి ఆవిడకీ మాటల మీద విసుగే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిని, ఎవరి పళ్లెం వాళ్లు కడుక్కుని పడుకునేవారు. ఒక పొద్దున ఆవిడ పిక్క మీద నూనె రాసుకుంటూ అంది:

"ఏమండీ, కంపెనీవాళ్లకి చెప్పండి, రాడార్ నాకూ ఒకటి బిగించమని."

"ఎందుకు?"

"నిద్రలో మీరు బ్రేకు తొక్కుతున్నారు. నా కాలు మీద."

ఆయనకి నవ్వు రావాల్సిన మాట. "జరిగి పడుకుంటాలే" అన్నాడు అంతే.

అయిదో వారంలో అసలు దెబ్బ తగిలింది. డయాలసిస్ అయ్యాక సూదులు తీసిన చోట గట్టిగా కట్టు కడతారు. తాత ఆ చేతిని ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుని కూర్చున్నాడు. బండి ఆగినప్పుడు ఆ చెయ్యే ముందు సీటుకి కొట్టుకుంది. కట్టు తడిసి ఎర్రబడింది. అద్దం బండి తిప్పి, ఏడు నిమిషాల్లో మళ్లీ ఆసుపత్రి గుమ్మంలో పెట్టాడు. దారంతా టీచరమ్మ తన చేత్తో తాత చేతిని అదిమి పట్టుకుంది. నర్సులు ఆపారు. ప్రాణానికేం కాలేదు. కానీ తాత లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి, "అద్దం, నువ్వున్నావన్న ధైర్యంతో ఎక్కుతానయ్యా నేను" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు సూపర్‌వైజరు పిలిచాడు. ఎదురుగా ఫైలు ఉంది.

"రెండు సెన్సర్లు మార్చాం. రెండూ ఒకే మాట చెబుతున్నాయి, ఎదురుగా బండి ఉందని. నువ్వొక్కడివే లేదంటున్నావు."

"లేదు సార్."

"యంత్రానికి అబద్ధమాడే అవసరమేంటి? నీకెన్నేళ్లు?"

"యాభై ఆరు."

"కళ్లు చూపించుకో. ఉన్నవి కనబడట్లేదేమో."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషితో ఏం వాదిస్తాడు? కంటి డాక్టరు దగ్గర కూర్చుని, గోడమీద అక్షరాలు చిట్టచివరి వరుసదాకా చదివాడు. చూపు బాగుందని డాక్టరు రాసిన కాగితం తెచ్చి ఇచ్చాడు. సూపర్‌వైజరు దాన్ని ఫైల్లో పెట్టి, గురువారం విచారణ అన్నాడు. అప్పటిదాకా స్టీరింగు పట్టుకోవద్దు. విచారణలో ఆయనదే లోపమని తేలితే, ఇక ఎప్పటికీ పట్టుకోవద్దు. బండి మళ్లీ ఒకసారి వర్క్‌షాపుకి వెళ్లి వచ్చాక, బుధవారంనుంచి కొత్త డ్రైవరమ్మాయి నడుపుతుంది.

మంగళవారం ఆయన బండితో పాటు వర్క్‌షాపుకి వెళ్లాడు, పక్క సీట్లో కూర్చుని. పదిహేడేళ్లలో ఆ కంపెనీ బండిలో పక్క సీట్లో కూర్చోవడం అదే మొదలు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మెకానిక్కి కూడా పట్టుదల పెరిగింది. బంపరు విప్పాడు. "ఇలాగే తిప్పి చూద్దాం రా అన్నా, డబ్బా కళ్లముందుంటే ఏం చేస్తుందో" అన్నాడు. ముందుభాగం లేని ఆ బండి పళ్లు ఊడిన నోరులా ఉంది. ఇద్దరూ ఎక్కారు. వంతెన కింద పోయారు, మలుపు తిరిగారు, నిటారు రోడ్డు మీద వచ్చారు. గంటన్నర. ఒక్కసారి కూడా మోత లేదు, దీపం లేదు. మళ్లీ అదే దారిలో ఇంకోసారి. ఏమీ లేదు.

"విచిత్రంగా ఉందే" అన్నాడు మెకానిక్, గడ్డం గోక్కుంటూ. "బంపరు లేకపోతే బంగారంలా ఉంది."

ఆ మాట అద్దం చెవిలో పడింది, పడి లోపలికి దిగింది. వర్క్‌షాపుకి తిరిగొచ్చేసరికి బంపరు గోడకి ఆనించి ఉంది. దాని వెనకవైపు ఇప్పుడు మొదటిసారి చూశాడు. నల్లడబ్బా కూర్చునే చోటు ఎక్కడుందో తెలుస్తోంది. కంపెనీ గుర్తు వెనక కాదు. కింద, నంబరు పలకకి పక్కగా. బావమరిది పుట్టీ నింపిన చోటు. పగుల్లోంచి లోపలికి కారిన పుట్టీ అక్కడ ఎండిన ముద్దలా అంటుకుని ఉంది. మిగతావాళ్ల కంటికి అది మురికి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తనకి తెలియకుండానే ఆ ముద్ద మీదికి వెళ్లి దాన్ని కప్పింది.

"బంపరుదేమైనా..." అన్నాడు మెకానిక్, వెనకనుంచి.

"బంపరుకేముంది" అన్నాడు అద్దం. "ప్లాస్టిక్ ముక్క."

"అవునులే" అని మెకానిక్ దాన్నెత్తి బిగించేశాడు. మరలు బిగుస్తున్న చప్పుడు ఒక్కొక్కటీ ఆయన లెక్కపెట్టాడు. ఎనిమిది.

అక్కడినుంచి నడుచుకుంటూ బావమరిది షాపుకి వెళ్లాడు. బస్సులున్నాయి, ఎక్కబుద్ధి కాలేదు. విన్నాక బావమరిది చేతిలో ఉప్పుకాగితం కింద పెట్టాడు.

"నా పనిలో తప్పా?"

"నీ పనిలో తప్పు లేదురా. కనబడనంత బాగా అతికింది. దాని వెనక కన్నుందట."

"ఎవడు చెప్పాడు నాకు? రేకులెన్ని చూశాను, వాటి వెనక కళ్లుంటాయని ఎవడు చెప్పాడు?" అతను గొంతు పెంచి, మళ్లీ తనే తగ్గించాడు. "సరే బావా. దీనికింత దాకా ఎందుకు? ఆదివారం ఎలాగోలా తీసుకురా. మొత్తం గీకేసి, పలచగా ఒక్క పూత కొడతా. డబ్బా పనిచేస్తుంది. నువ్వూ చెప్పవు, నేనూ చెప్పను. మూడో కంటికి తెలియదు."

"ఇవాళ మంగళవారం."

"అయితే?"

"రేపటినుంచి ఆ పిల్ల నడుపుతుంది."

"నాలుగు రోజులేగా. నీ పదిహేడేళ్లు చూసుకో."

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ తమ్ముడి పేరు కూడా ఇందులో ఉంది. అయినా ఆవిడ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది తొక్కారు. కడుక్కుంటారో, ఆ కాలితోనే తిరుగుతారో మీ ఇష్టం. వాడి గురించి మాత్రం ఆలోచించకండి, వాడు బతకగలడు" అంది. ఏదో ఒకటి తేల్చుకుందామనుకుంటూనే బుధవారం తెల్లవారింది.

బుధవారం షెడ్డులో ఆయనకి పని లేదు. రావాల్సిన అవసరమూ లేదు. అయినా వచ్చాడు. కొత్త డ్రైవరమ్మాయి బండి దగ్గర నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. చేరి మూడు నెలలు, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

"బాబాయ్, నీ బండి నాకిచ్చారు. గీత పడితే చంపేస్తావేమో" అని నవ్వింది.

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాడు. "నిదానంగా వెళ్లమ్మా. ముందున్న బండికి బాగా దూరం పెట్టు" అన్నాడు. "వెనకున్నవాడికి నేనెలా దూరం పెట్టను?" అని ఆ పిల్ల వేళాకోళంగా అని, తాళం తిప్పింది.

ఆ తర్వాత ఆయన షెడ్డులో ఒక డబ్బా మీద కూర్చున్నాడు. ఎవరో టీ ఇచ్చారు, చల్లారిపోయింది. గోడ గడియారం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

ఒంటిగంటన్నరకి బండి వచ్చింది. అమ్మాయి దిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వంతెన మీద, రోగుల్ని ఇళ్లకి చేరుస్తుండగా, బండి ఆగిపోయిందట. వెనక ఇసుక లారీ. లారీవాడు బ్రేకు తొక్కి, పక్కకి తిప్పి, జానెడు దూరంలో ఆపాడట. టీచరమ్మ ఒక్క అరుపు అరిచిందట.

సూపర్‌వైజరు కిటికీలోంచి తల బయటపెట్టి, "నీకూ మొదలైందా? నీ కళ్లు కూడా చూపించమంటావా?" అని, ఒక కాగితం అందించాడు. అదే కాగితం. పైన 'ప్రమాదాలు'. అమ్మాయి దాన్ని బండి మూతి మీద పెట్టి రాయబోయింది. డ్రైవరు పేరు అని ఉన్న చోటే పెన్ను ఆపేసింది.

"బాబాయ్, నా కాలు బ్రేకు మీద లేదు. మా పాప మీద ఒట్టు. ఎదురుగా ఏమీ లేదు. నేను చూశాను, ఏమీ లేదు. ఎవరు నమ్ముతారు?"

ఆ మాటలు ఆయనవే. అయిదు వారాలుగా ఆయన చెప్పుకుంటూ తిరిగినవే. తను చెప్పినప్పుడు వాటిలో ఎంత దిక్కులేనితనం ఉందో ఇప్పుడు వేరే గొంతులో విన్నాడు.

"ఇలా ఇవ్వు" అన్నాడు.

కాగితం తీసుకుని, డ్రైవరు పేరు అని ఉన్న చోట తన పేరు రాశాడు, షెడ్డులో ఎవరికీ గుర్తులేని అసలు పేరు. తేదీ దగ్గర ఈ రోజుది కాదు, తోపుడుబండి తగిలిన రోజుది వేశాడు. కింద, వివరాలు అని ఉన్న నాలుగు గీతల్లో ఇలా రాశాడు: 'బంపరుకి సొట్ట పడింది. ఆఫీసుకి చెప్పలేదు. బయట పుట్టీ పెట్టించి రంగు వేయించాను. రాడార్ దాని వెనకే ఉంది. ఈ అమ్మాయి తప్పు లేదు.' ఎవరిచేత వేయించాడో రాయలేదు.

సూపర్‌వైజరు దాన్ని నిలబడే చదివాడు. మళ్లీ కూర్చుని చదివాడు.

"నువ్వా?"

"నేనే సార్."

"నీ పేజీ నేను అందరికీ చూపించేవాణ్ణి."

"తెలుసు సార్. అందుకే."

అరుస్తాడనుకున్నాడు అద్దం. సూపర్‌వైజరు అరవలేదు. ఫైలు మూసి, ఫోను తీసి, ముందు ఆ బండి ఇక కదలడానికి వీల్లేదని చెప్పాడు.

మెకానిక్ పూత మందం కొలిచే పరికరం తెచ్చి బంపరు మీద పెట్టాడు. మిగతాచోట్ల ఒక లెక్క, అక్కడ దానికి ఇరవై రెట్లు. తల పట్టుకున్నాడు. "అన్నా, నిన్న నేను బంపరు గురించి అడగబోయాను. నువ్వేమన్నావు? నేనా డబ్బాలతో అయిదు వారాలు మొత్తుకున్నాను" అన్నాడు. తర్వాత చాలా నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. కొత్త బంపరు వచ్చింది. ఆనాటినుంచి ఆ బండి లేనిదానికి ఆగలేదు. అమ్మాయి పేజీ మీద ఏమీ రాయలేదు. మూడు వారాల తర్వాత ఆమె ఉద్యోగం ఖాయమైంది.

గురువారం విచారణ జరిగింది. పావుగంట పట్టింది. ఆయన కళ్లలో లోపం లేదని, నడపడంలో లోపం లేదని రాశారు. దాచిపెట్టి రోగుల్ని అపాయంలోకి నెట్టాడని కూడా రాశారు. రెండూ నిజమే కాబట్టి ఆయన రెండింటి కిందా సంతకం పెట్టాడు. ఉద్యోగం తియ్యలేదు. మనుషులెక్కే బండి మాత్రం ఇక ఇవ్వరు.

తాత ఇంటికి వెళ్లి చెప్పుకున్నాడు. తాత ఆ చేతినే చూసుకుంటూ విన్నాడు. "కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టాలి. పైన ఇస్త్రీ చేస్తే దాగదు" అన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు. అద్దం గుమ్మంలో నిలబడే మాట్లాడి వచ్చేశాడు.

టీచరమ్మ మాత్రం ఫోను చేసి మరీ తిట్టింది. "జవాబు తప్పైనందుకు నేనెప్పుడూ సున్నా వెయ్యలేదయ్యా. మధ్యలో లెక్క కొట్టేసి, పైన కాగితం అంటించినవాడికి వేశాను" అంది. "ఆ పిల్ల బాగానే నడుపుతోంది. గ్లాసులో నీళ్లు కాస్త తొణుకుతున్నాయి" అని పెట్టేసింది.

బావమరిది మూడు నెలలు ఇంటికి రాలేదు. తన పేరు రాయలేదని అక్కద్వారా తెలిసి ఒకరోజు వచ్చాడు. ఇద్దరూ టీవీ చూశారు. బంపరు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడాయనకి యాభై ఎనిమిదేళ్లు. ఆసుపత్రి మాసిన దుప్పట్లని లాండ్రీకీ, ఉతికినవాటిని వార్డులకీ చేర్చే పాత బండి నడుపుతున్నాడు. రోజుకి నాలుగు తిప్పులు. నడుం నొప్పికి బెల్టు పెట్టుకుంటాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది.